ఆట ముగిశాక ఒక మాట



ఈ ప్రసంగంలో చెప్పబోయే విషయం మీ పాఠ్యపుస్తకాల్లో లేదు. పరీక్షలో దీనిమీద ప్రశ్న రాదు. కాని మీలో చాలామంది రోజూ చేసే పని ఇది. కంప్యూటర్ మీదో, సెల్‌ఫోన్‌లోనో, ఎక్కడో ఉన్న మరొక మనిషితో ఆట ఆడతారు. ఆట ముగియగానే రెండక్షరాలు టైపు చేస్తారు: జీజీ. 'గుడ్ గేమ్' అనే రెండు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలవి. మంచి ఆట ఆడాం అని అర్థం. ఆ రెండక్షరాల గురించే ఈవేళ మాట్లాడుకుందాం.

ముందుగా నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను.

నేను చదరంగం ఆడతాను. గొప్ప ఆటగాణ్ణి కాను. రాత్రి భోజనం అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని ఒకటి రెండు ఆటలు ఆడి పడుకోవడం అలవాటు. కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి ఇలాగే ఒక వెబ్‌సైట్‌లో ఎవరితోనో ఆట కుదిరింది. ఒక్కొక్కరికి పది నిమిషాల గడువు. ఇరవై ఎత్తుల దాకా ఆట సమంగా నడిచింది. నిజానికి అతనిదే కాస్త పైచేయి. ఉన్నట్టుండి అతను తన మంత్రిని తెచ్చి నా గుర్రానికి అందే గడిలో పెట్టాడు. వేలు జారిందో, చూపు జారిందో తెలియదు. నేను మంత్రిని తీసుకున్నాను. తీసుకున్న వెంటనే 'జీజీ' అని టైపు చేశాను. నా మనసులో వెటకారం లేదు. అంతవరకూ చక్కగా ఆడాడు కదా, ఆ మాట చెప్పాలనిపించింది, అంతే.

అటునుంచి జవాబు లేదు. ఎత్తు కూడా లేదు. అతని గడియారంలో ఇంకా ఆరు నిమిషాల పైచిలుకు సమయం ఉంది. ఆ సమయమంతా కదలకుండా కూర్చున్నాడు. నేను కదలడానికి లేదు. లేచి వెళితే, ఆ క్షణంలోనే అతను ఎత్తు వేస్తే, నా గడియారం నడవడం మొదలవుతుంది. చివరికి అతని సమయం అయిపోయి ఆట నాదయింది. గెలిచాను గాని ఒళ్లు మండిపోయింది.

మర్నాడు కాలేజీలో పాఠం అయిపోయాక ఈ సంగతి పిల్లలకు చెప్పాను. ఈ రోజుల్లో మనుషులకు మర్యాద తెలియదు అని ముక్తాయించబోయాను. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "మీరు జీజీ ఎప్పుడు పెట్టారు సార్?" అని అడిగింది. "మంత్రి పోగానే" అన్నాను. తరగతిలో సగం మంది నవ్వారు. "ఆయన ఇంకా ఓడిపోలేదు కదా సార్. ఇక నీ పని అయిపోయింది, వెళ్లు అని మీరే చెప్పేశారు" అంది ఆ అమ్మాయి.

ఆరు నిమిషాలు మొండికేసిన ఆ మనిషిది మర్యాద అని నేను ఇప్పటికీ అనను. కాని ఆ రాత్రి మొదటి అమర్యాద నాదే. నాకది ఒక విద్యార్థిని చెబితే గాని తెలియలేదు.

ఇంతకూ ఈ ఆచారం ఎక్కడిది? 1998లో స్టార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట వచ్చింది. ఇద్దరు ఆటగాళ్లు చెరొక సైన్యాన్ని నిర్మించుకుని యుద్ధం చేసే ఆట అది. దక్షిణ కొరియాలో దానికి వచ్చిన ఆదరణ అంతా ఇంతా కాదు. అక్కడ వీధికొకటిగా కంప్యూటర్ ఆటల గదులు వెలిశాయి. మనం క్రికెట్ చూసినట్టు అక్కడివాళ్లు ఆ పోటీలను టీవీలో చూశారు. ఆ ఆటలో చివరి కట్టడం కూలేదాకా పోరాడనక్కరలేదు. ఓటమి ఖాయమని తనకు తెలిసినప్పుడు ఆటగాడు 'జీజీ' అని టైపు చేసి బయటికి వచ్చేస్తాడు. టీవీ వ్యాఖ్యాతలు వెంటనే "జీజీ!" అని గొంతెత్తి అరుస్తారు. ఆట అయిపోయిందని ప్రేక్షకులకు అర్థమవుతుంది.

ఆ మాట ఎవరు అన్నారో గమనించారా? ఓడినవాడు. అక్కడ 'జీజీ' అంటే పొగడ్త ఒక్కటే కాదు, ఓటమిని అంగీకరించడం కూడా. చదరంగంలో రాజీనామా లాంటిది. చదరంగం బల్ల దగ్గర కూడా ఓడిన ఆటగాడే చేయి చాపుతాడు, గెలిచినవాడు ఆ చేతిని అందుకుంటాడు. డోటా 2 అనే జట్ల ఆటలోనైతే దీన్ని ఏకంగా యంత్రంలోనే పొందుపరిచారు. పోటీల్లో ఓడుతున్న జట్టులోని ఆటగాడు అందరికీ కనిపించేలా 'జీజీ' అని రాస్తే కొన్ని సెకన్ల లెక్కింపు మొదలై, ఆట ముగిసిపోతుంది. అంటే ఆట చివరి మాట ఓడినవాడి సొత్తు. అతని చేతిలో మిగిలింది అదొక్కటే. గెలిచేవాడు తొందరపడి ఆ మాట తానే అనేస్తే, ఆ మిగిలినదాన్ని కూడా లాక్కున్నట్టవుతుంది. నేను చేసింది సరిగ్గా అదే.

ఇప్పుడు కాస్త సైన్సులోకి వద్దాం. 1948లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సమాచారాన్ని కొలిచే పద్ధతి చెప్పాడు. ఆయన లెక్క ప్రకారం, ఒక సందేశం ఎంత ఊహించనిదైతే అందులో అంత సమాచారం ఉంటుంది. తప్పకుండా వస్తుందని ముందే తెలిసిన సందేశంలో సమాచారం సున్నా. సూర్యుడు తూర్పున ఉదయించాడు అని మీకు రోజూ ఉదయం ఎవరైనా ఫోన్ చేసి చెబితే మీకు కొత్తగా తెలిసేది ఏముంది? ఆ లెక్కన ప్రతి ఆట చివరా, ప్రతి ఒక్కరూ, అలవాటుగా పంపే 'జీజీ'లో సమాచారం దాదాపు సున్నా అని తేలుతుంది. ఇంతకంటే దండగమారి సందేశం మరొకటి లేదనిపిస్తుంది.

అయితే మన ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో ఇలాంటివి ఎన్ని లేవు! ఎదురుపడిన మనిషిని "ఏం, బజారుకా?" అంటాం. అతని చేతిలో సంచీ కనిపిస్తూనే ఉంటుంది. భోజనం వేళ దాటాక వచ్చినవారిని "భోంచేశారా?" అంటాం. బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లో ఈ రకం మాటలకు ఒక ప్రత్యేక స్థానం ఇచ్చాడు. వాటి పని కబురు చేరవేయడం కాదని, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న బంధాన్ని తడిగా ఉంచడమని ఆయన గుర్తించాడు. 'తడిగా' అన్న మాట నాది, భావం ఆయనది.

సెలవు తీసుకునేటప్పుడు మన భాషలో ఇంకొక నియమం ఉంది. ఎవరింటికైనా వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు "వెళ్తాను" అంటే పెద్దవాళ్లు వెంటనే సరిదిద్దుతారు. "వెళ్లొస్తాను అనాలి" అంటారు. మళ్లీ వస్తావా, ఎప్పుడు వస్తావు అని ఎవరూ లెక్క వేయరు. రైలెక్కి వెయ్యి కిలోమీటర్లు పోయేవాడు కూడా వెళ్లొస్తాననే అంటాడు. ఆ 'వస్తాను'లో సమాచారం లేదు. కాని ఆ ముక్క తీసేసి చూడండి, గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మమ్మ ముఖం ఎలా మారుతుందో! షానన్ సిద్ధాంతానికి ఇందులో భంగమేమీ లేదు. తప్పక వస్తుందనుకున్న మాట రాకపోయినా, రావలసిన వేళ కాక వేరే వేళ వచ్చినా, అప్పుడు అందులో సమాచారం బోలెడు. ఆ రాత్రి నా ప్రత్యర్థి నా సందేశంలో చదివింది అక్షరాలను కాదు, వేళను.

ఇంటర్నెట్ కంటే ముందే తీగల మీద మాట్లాడుకున్నవాళ్లకు కూడా ఈ అవసరం వచ్చింది. టెలిగ్రాఫ్ ఆపరేటర్లు 1859 నాటికే కొన్ని వాడుక మాటలకు బదులు అంకెలు పంపే పద్ధతి పెట్టుకున్నారు. అందులో 73 అంటే నా అభినందనలు స్వీకరించండి అని. టెలిగ్రాఫ్ పోయింది. మన దేశంలో 2013 జులైలో తంతి సేవను ఆపేశారు. 73 మాత్రం పోలేదు. హామ్ రేడియో నడిపే ఔత్సాహికులు ప్రపంచమంతటా ఇప్పటికీ సంభాషణ ముగించేటప్పుడు 73 అంటారు. మోర్స్ సంకేతాల్లో దాన్ని వింటే ఒక అందం ఉంది. 7 అంటే రెండు గీతలు, మూడు చుక్కలు. 3 అంటే మూడు చుక్కలు, రెండు గీతలు. ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే. మీలో ఆసక్తి ఉన్నవారు హామ్ లైసెన్సు పరీక్ష రాయవచ్చు, అది పెద్ద కష్టమేమీ కాదు. ఆ సంగతి మరెప్పుడైనా.

యంత్రాలకు కూడా ఈ బాధ తప్పలేదు. ఇంటర్నెట్‌లో రెండు కంప్యూటర్ల మధ్య సమాచారం పోగొట్టుకోకుండా చేరవేసే టీసీపీ అనే నియమావళి ఉంది. 1981లో దాన్ని ప్రామాణిక రూపంలో ప్రచురించారు. దాని ప్రకారం సంబంధం ముగించాలంటే ఒక కంప్యూటర్ 'నేను చెప్పవలసింది అయిపోయింది' అనే సంకేతం పంపాలి. రెండోది 'అందింది' అనాలి. తరవాత రెండోది కూడా తన వంతుగా అదే మాట చెప్పాలి, మొదటిది 'అందింది' అనాలి. అయినా ముందుగా ముగించిన కంప్యూటర్ కొంతసేపు తలుపు తెరిచే ఉంచుతుంది, దారిలో ఆలస్యమైన ముక్క ఏదైనా వస్తుందేమోనని. చెప్పాపెట్టకుండా తెంచేసే సంకేతం కూడా టీసీపీలో ఉంది. కాని అది ఏదో తేడా వచ్చినప్పటికి.

ఇక అసలు చిక్కుకు వద్దాం. మాట ఒకటే అయినా అది తెర మీద అక్షరాలుగా కనిపించినప్పుడు గొంతు ఉండదు, ముఖం ఉండదు. అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మరి కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. విద్యార్థుల చేత కొన్ని వాక్యాలు పంపించారు. వాటిలో కొన్ని వెటకారం, కొన్ని మామూలు మాటలు. ఈమెయిల్‌లో పంపినవారు, ఏది వెటకారమో ఏది కాదో అవతలివారు నూటికి 78 సార్లు సరిగ్గా పోల్చుకుంటారని అంచనా వేశారు. వాస్తవంలో 56 సార్లు మాత్రమే పోల్చుకోగలిగారు. నాణెం ఎగరేసి చెప్పినా 50 సార్లు సరిపోతుంది. గొంతు విన్నవారి ఫలితం ఇంతకంటే ఎంతో మెరుగ్గా ఉంది. నాకు ఇందులో ముఖ్యమనిపించింది 56 అనే అంకె కాదు, 78 అనే అంకె. రాసేటప్పుడు మన తలలో మన గొంతే మోగుతూ ఉంటుంది. అది అవతలివాడికి కూడా వినిపిస్తోందనుకుంటాం.

ఆటలు తయారుచేసేవారు ఈ సంగతిని తమ చేతులు కాల్చుకుని నేర్చుకున్నారు. 2014లో హార్త్‌స్టోన్ అనే పేకాట లాంటి ఆట విడుదలయింది. అందులో ముక్కూమొహం తెలియని ప్రత్యర్థికి మీ ఇష్టం వచ్చింది టైపు చేయడానికి వీలు లేదు. ముందే సిద్ధంగా ఉంచిన ఆరు పలుకులలో ఒకటి ఎంచుకోవాలి. నమస్కారం, ధన్యవాదాలు, బాగా ఆడావు, క్షమించు, ఇలాంటివి. తిట్టే వీలే లేనప్పుడు గొడవ ఎక్కడిది అనుకున్నారు కాబోలు. ఏమయిందంటే, ఎదుటివాణ్ణి చిత్తుచేసే ముక్క వేస్తూ 'క్షమించు' అనడం మొదలుపెట్టారు ఆటగాళ్లు. పుండు మీద కారం చల్లడానికి క్షమాపణ కంటే మంచి కారం దొరకలేదు. చివరికి 2016లో తయారీదారులే ఆ పలుకును తీసేసి దాని స్థానంలో 'వావ్' అనే ఆశ్చర్యార్థకం పెట్టారు. కొద్ది రోజుల్లో అదీ వెటకారానికే పనికొచ్చింది. రాకెట్ లీగ్ అనే కార్ల ఫుట్‌బాల్ ఆటలో 'ఎంత బాగా ఆపావు!' అనే అర్థం వచ్చే సిద్ధపలుకు ఉంది. గోల్ ఆపలేకపోయినవాడికే అది ఎక్కువగా వినిపిస్తుందని ఆ ఆట ఆడే మీలో ఎవరిని అడిగినా చెబుతారు.

అన్నిటికంటే చేదుది 'జీజీ ఈజీ'. మంచి ఆట, చాలా తేలిక అని. మొదటి సగం మర్యాద, రెండో సగం చెంపదెబ్బ. 2016లో వచ్చిన ఓవర్‌వాచ్ అనే ఆటలో దీనికి తమాషా విరుగుడు కనిపెట్టారు. ఎవరైనా ఆ మాట టైపు చేస్తే, వాళ్లకు తెలియకుండా అది మారిపోయి, టైపు చేసినవాడే నవ్వులపాలయ్యే ఒక పిల్లచేష్ట వాక్యంగా అందరికీ కనిపిస్తుంది. నాకిది నచ్చింది. శిక్ష వేయలేదు, ఉపన్యాసం దంచలేదు. దెప్పిపొడుపును దాని యజమాని ఇంటికే తిప్పి పంపారు.

లైచెస్ అనే ఉచిత చదరంగ వేదిక మరొక దారి పట్టింది. దానికి ప్రకటనలు లేవు, రుసుము లేదు, విరాళాల మీద నడుస్తుంది. అక్కడ ఆట మొదట్లో 'హలో', 'శుభం కలగాలి' వంటి పొట్టి పలుకులకు చిన్న మీటలు కనిపిస్తాయి. ఆట సాగుతుండగా అవి ఉండవు. ముగిశాక 'మంచి ఆట', 'బాగా ఆడావు', 'ధన్యవాదాలు' అనే అర్థం వచ్చే మీటలు ప్రత్యక్షమవుతాయి. ఏ మాటకు ఏది వేళో ఆ అమరికలోనే ఉంది. టైపు చేసుకునే పెట్టె పక్కనే ఉంటుంది కాబట్టి నాలాంటి తొందరపాటువాణ్ణి ఆ మీటలు ఆపలేవనుకోండి.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావాలి. అవతలి మనిషి ఎవరో తెలియదు. మళ్లీ ఎదురుపడడు. అతనితో మర్యాదగా ఉండి నాకు ఒరిగేదేమిటి? ఇది చిలిపి ప్రశ్న కాదు. రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే రాజనీతి శాస్త్రవేత్త 1980 ప్రాంతంలో దీని మీదే కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీలు పెట్టాడు. ప్రతి ప్రోగ్రామూ ప్రతిసారీ ఎదుటిదానితో సహకరించాలా, మోసగించాలా అని తేల్చుకోవాలి. రెండు పోటీల్లోనూ గెలిచింది అతి చిన్న ప్రోగ్రాము. దాన్ని పంపినవాడు అనటోల్ రాపొపోర్ట్. మొదట సహకరించు, తరవాత ఎదుటివాడు కిందటిసారి ఏం చేస్తే నువ్వూ అది చెయ్యి. అంతే దాని తెలివి. ఆక్సెల్‌రాడ్ వివరణ ఏమిటంటే, మళ్లీ మళ్లీ ఎదురుపడతాం అన్న ఎరుక ఉన్నచోట సహకారం నిలబడుతుంది. భవిష్యత్తు నీడ వర్తమానం మీద పడాలి అన్నాడాయన.

మీ వీధిలో గోలీలాటనో, గల్లీ క్రికెట్‌నో తీసుకోండి. తొండి చేసినవాడు రేపు సాయంత్రం మళ్లీ అక్కడికే రావాలి. ఉడుకుమోతు అని ఒకసారి పేరు పడితే జట్టులోకి పిలవరు. చిన్నతమ్ముణ్ణి ఆటలో అరటిపండుగా కలుపుకోకపోతే ఇంట్లో అమ్మ ఊరుకోదు. ఆ నీడ అక్కడ చిక్కగా ఉంది. ఇంటర్నెట్‌లో యంత్రం వేల మందిలోంచి ఒకరిని ఏరి మీ ముందు కూర్చోబెడుతుంది. ఐదు నిమిషాల తరవాత ఆ మనిషి మాయం. నీడ లేదు. కనుక ఆక్సెల్‌రాడ్ లెక్క ప్రకారం అక్కడ మర్యాద మొలవకూడదు. అయినా మొలిచింది. చాలామంది ఏ లాభమూ లేకుండా, ఎవరూ చూడకుండా ఆ రెండక్షరాలు నొక్కి వెళుతున్నారు. దీనికి కారణం వీధి నుంచి మోసుకొచ్చిన అలవాటని నా అభిప్రాయం. నిరూపించమంటే నిరూపించలేను. మరి వీధిలో ఎన్నడూ ఆడకుండా ఫోన్‌లోనే ఆటలు నేర్చుకున్న పిల్లల సంగతి ఏమిటి అని ఒక సహోపాధ్యాయుడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

ఎదురెదురుగా కూర్చున్నా మనుషులు మనుషులే. ప్రపంచ చదరంగ సమాఖ్య 2007లో ఒక నిర్ణయం చేసింది. ఆట మొదలయ్యే ముందు ప్రత్యర్థికి చేయి ఇవ్వకుండా, మామూలు రీతిలో పలకరించకుండా, ఆర్బిటర్ అడిగాక కూడా నిరాకరిస్తే ఆ ఆట ఓడినట్టే. మరుసటి ఏడాది జనవరిలోనే నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ పోటీలో ఇది పరీక్షకు వచ్చింది. బల్గేరియా ఆటగాడు ఇవాన్ చెపారినోవ్ ఇంగ్లండ్ ఆటగాడు నైజెల్ షార్ట్ చాపిన చేతిని అందుకోలేదు. ఆట షార్ట్‌కు ఇచ్చేశారు. అప్పీలు చేస్తే మళ్లీ ఆడమన్నారు. ఈసారి చేతులు కలిపి ఆడారు, షార్ట్ గెలిచాడు. నియమం పెట్టి మర్యాద తేగలమా అంటే, చేతులు కలపించగలమని మాత్రం తేలింది.

నాకు ఇంకా నచ్చిన సంఘటన 2025 జూన్ 1న నార్వేలో జరిగింది. మన గుకేష్ మీద మాగ్నస్ కార్ల్‌సన్ గెలిచే స్థితిలో ఉండి, చివర్లో పొరపాటు చేసి ఓడిపోయాడు. పిడికిలితో బల్లను గుద్దాడు, పావులు చెల్లాచెదురయ్యాయి. ఆ దృశ్యం మీరంతా చూసే ఉంటారు. అందరూ బల్ల గుద్దడమే చూపించారు. తరవాతి కొన్ని క్షణాలు కూడా చూడండి. గుకేష్‌కు క్షమాపణ చెప్పాడు, పోతూ పోతూ వీపు తట్టాడు. ఇదే ఆట ఇంటర్నెట్‌లో జరిగి ఉంటే? కార్ల్‌సన్ తన ఇంట్లో తన బల్ల గుద్దుకునేవాడు. గుకేష్ తెర మీద 'ప్రత్యర్థి రాజీనామా చేశాడు' అన్న ఒక్క వాక్యం కనిపించేది. కోపం కనిపించేది కాదు, సరే. ఆ వీపు తట్టిన చేయి కూడా ఉండేది కాదు. మనం టైపు చేసే ఆ రెండక్షరాలు ఆ చేతి స్థానంలో నిలబడాలి. పాపం, వాటికి అది మించిన బరువు.

నేను ఇప్పుడు పాటించే పద్ధతి చెబుతాను. మీకు నచ్చితే తీసుకోండి. ఆట ముగిసేదాకా ఒక్క మాటా రాయను. గెలిస్తే అవతలివాడు అనేదాకా కాసేపు ఆగుతాను. అతను అంటే నేనూ అంటాను. అనకుండా వెళ్లిపోతే వెళ్లనిస్తాను. ఓడితే మాత్రం ముందుగా నేనే అంటాను, పళ్లు కొరుక్కుంటూనైనా సరే. అవతలివాడి పొరపాటు వల్ల గెలిచినప్పుడు 'మంచి ఆట' అనడం నాకు నోరు రాదు. ధన్యవాదాలు అని ఊరుకుంటాను. గెలిచే ఆటలో గడువు అయిపోయి ఓడినవాడికైతే ఏమీ రాయను. ఆ క్షణంలో ఏ మాటైనా గుచ్చుకుంటుంది.

మౌనాన్ని అవమానంగా తీసుకోకండి. అవతల కరెంటు పోయి ఉండవచ్చు. అమ్మ అన్నానికి పిలిచి ఉండవచ్చు. అక్షరాలు కూడబలుక్కునే ఎనిమిదేళ్ల పిల్ల కావచ్చు. ఇంగ్లీషు రాని పెద్దాయన కావచ్చు. తిట్లు వస్తే జవాబివ్వకండి. మాటలు కనిపించకుండా చేసే మీట దాదాపు ప్రతి ఆటలోనూ ఉంటుంది, ఫిర్యాదు చేసే మీట కూడా ఉంటుంది. పేరు, ఊరు, ఫోన్ నంబరు అడిగితే అది ఆట తరవాతి మర్యాద కాదు, వేరే వ్యవహారం. ఇంట్లో పెద్దలకు చెప్పండి. డబ్బు పెట్టి ఆడే ఆటల గురించి నేనసలు మాట్లాడటం లేదు. 2025 ఆగస్టులో మన పార్లమెంటు వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది.

ఒక చిన్న ప్రయోగం ఇస్తున్నాను. ఈ నెలలో మీరు ఆడే ఇరవై ఆటలకు ఒక నోటుపుస్తకం పెట్టండి. ప్రతి ఆటకూ నాలుగు గళ్లు గీయండి: ఎవరు గెలిచారు, చివరి మాట ముందు ఎవరన్నారు, ఆట ముగియక ముందా తరవాతా, దాన్ని చదివినప్పుడు మీకేమనిపించింది. నాలుగో గడి అప్పటికప్పుడే నింపాలి, మర్నాడు నింపితే లెక్కలోకి రాదు. మీరు ఏమీ పంపని ఆటలు కనీసం ఐదు ఉండేలా చూసుకోండి, పోల్చడానికి అవి కావాలి. ప్రత్యర్థుల పేర్లు రాయవద్దు. స్నేహితులు నలుగురైదుగురు కలిసి చేస్తే నోటుపుస్తకాలు ఒకరివి ఒకరు మార్చుకుని చూడండి. మొదటి గడినీ నాలుగో గడినీ పక్కపక్కన పెట్టి చదవండి.